బొక్కసంలో కోత, ఊళ్లో ఖాళీ కుర్చీ

తిరుమణి ఊరు మీలో చాలామందికి తెలుసు. పావగడ తాలూకా, నాగలమడికె హోబళి. ఇటు రొద్దం వైపు నుంచి వచ్చేవాళ్ళకు, అటు పావగడ నుంచి వచ్చేవాళ్ళకు ఒకే నేల, ఒకే ఎండ. నడుమ ఒక రాష్ట్రపు సరిహద్దు ఉందని గుర్తు చేసేవి బస్సు మీది అక్షరాలు, బడి గోడ మీది అక్షరాలు మాత్రమే. ఒకప్పుడు చెనక్కాయ వేసిన చేలలో ఇప్పుడు కనుచూపు మేర సౌర పలకలు పరుచుకుని ఉన్నాయి. తిరుమణి, బాలసముద్ర, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు అనే ఐదు ఊళ్ళ భూమి సుమారు 13 వేల ఎకరాలు కౌలుకు తీసుకుని, 2,050 మెగావాట్ల విద్యుత్తు తీస్తున్నారు. 2018 మార్చి 1న మొదటి భాగం ప్రారంభమైంది. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయల కౌలు, రెండేళ్ళకొకసారి నూటికి ఐదు పెంపు అని ఒప్పందం. అంటే రాష్ట్రపు వెలుగుకు ఈ ఊరు తన వంతు ఇచ్చింది.

మరి రాష్ట్రం ఈ ఊరికి ఏ రూపంలో వస్తుంది? ఆలోచించండి. ముఖ్యమంత్రి రాడు. ఆర్థిక కార్యదర్శి రాడు. వచ్చేది బడి అయ్యవారు, అంగన్‌వాడీ అమ్మ, సూది వేసే నర్సమ్మ, స్తంభం ఎక్కే లైన్‌మన్, నీళ్ళు వదిలే నీరుగంటి, బస్సు కండక్టరు. ప్రభుత్వం అనే పెద్ద మాటకు పల్లెలో ఉన్న ముఖాలు ఇవే. రాజధానిలో బడ్జెట్టు పుస్తకంలో ఒక అంకె తగ్గితే, ఆరు నెలలకో ఏడాదికో ఇక్కడ ఒక ముఖం కనపడకుండా పోతుంది. అయ్యవారు పదవీ విరమణ చేస్తారు, ఆ కుర్చీ అలాగే ఉంటుంది. ఆయన స్థానంలో పది నెలల ‘అతిథి’ వస్తారు. లైన్‌మన్ ఒకడే మూడు ఊళ్ళు చూస్తాడు. కోత అన్న మాట కాగితం మీద వినపడదు, ఊళ్లో ఖాళీ కుర్చీగా కనపడుతుంది.

ఈనాటి ప్రసంగంలో ఈ కోతల చరిత్రను కొంత మీ ముందుంచి, ప్రభుత్వ రంగంలో పనిచేస్తున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఒక విన్నపం చేయదలచుకున్నాను.

కోత కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత బ్రిటిషు ప్రభుత్వపు ఖజానా లోటులో పడింది. 1922లో లార్డ్ ఇంచ్‌కేప్ అధ్యక్షతన ఒక పొదుపు సంఘాన్ని వేశారు. మరుసటి ఏడు అది సుమారు 19 కోట్ల రూపాయల మేర ఖర్చు తగ్గించమని సిఫారసు చేసింది. ఆ కాలపు ఉద్యోగుల ఇళ్ళల్లో ‘రిట్రెంచ్‌మెంట్’ అనే ఇంగ్లీషు మాట చదువురానివాళ్ళకు కూడా తెలిసింది. తర్వాత ప్రపంచమంతటా మాంద్యం వచ్చిన 1931లో భారత ప్రభుత్వం జీతాల్లో నూటికి పది కోసింది. ఆ కోతను దశలవారీగా తీసివేయడానికి కొన్నేళ్ళు పట్టింది.

అదే 1931 సెప్టెంబరులో బ్రిటన్‌లో ఒక విచిత్రం జరిగింది. స్కాట్లాండు తీరంలోని ఇన్వర్‌గోర్డన్ రేవులో యుద్ధనౌకల నావికులు పనికి లేవలేదు. కారణం ఏమిటంటే, పై అధికారులకు నూటికి పది తగ్గించిన ప్రభుత్వం అట్టడుగు నావికుల్లో కొందరికి నూటికి పాతిక దాకా తగ్గించింది. రెండు రోజులు ఆ నౌకలు కదలలేదు. చివరకు ఆ కోతను నూటికి పదికి మించకుండా చేస్తామని ప్రభుత్వం ఒప్పుకున్నది. అధికారంలో ఉన్నవాళ్ళు కోత అన్నప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఆ నావికులు అడిగారు. ఎవరికి ఎంత కోత? పైవాడికి ఎంత, కిందివాడికి ఎంత?

ఇక మన తెలుగు నేలకు వద్దాం. మీలో యాభై ఐదు, అరవై దాటినవాళ్ళకు 1983వ సంవత్సరం బాగా గుర్తుండాలి. ఆ జనవరి 9న ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. నెల తిరగకముందే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. యువకులకు ఉద్యోగాలు దొరుకుతాయి అన్నది చెప్పిన కారణం. ఫిబ్రవరి 28వ తేదీ సాయంత్రం, 55 నిండినవాళ్ళందరూ ఒక్కసారిగా కార్యాలయాల నుంచి బయటికి నడిచారు. 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు, సుమారు 10 వేల మంది ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు. ఒక్క సాయంత్రంలో.

ఆ రోజుల్లో మన పక్క మడకశిరలోనో, పెనుకొండలోనో, కళ్యాణదుర్గంలోనో పనిచేసిన ఒక గుమాస్తా ఇంటిని ఊహించుకోండి. ఇంకా మూడేళ్ళు జీతం వస్తుందని కూతురి పెళ్ళికి అప్పు తెచ్చి ఉంటాడు. కొడుకు కాలేజీలో ఉంటాడు. ముందస్తు నోటీసు కూడా సరిగా లేకుండా ఒక ఆర్డినెన్సుతో ఆ లెక్కంతా తలకిందులైంది. ఒక్కసారిగా అంతమందికి గ్రాట్యుటీలు, పింఛన్లు కట్టవలసి వచ్చినప్పుడు ఖజానాకు మిగిలింది ఏమిటన్నది వేరే ప్రశ్న. అనుభవజ్ఞులైన వైద్యులు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు ఒకే రోజున పోయినప్పుడు జనానికి మిగిలింది ఏమిటన్నది ఇంకో ప్రశ్న.

ఉద్యోగులు ఊరుకోలేదు. రోడ్డు మీదికి వచ్చారు, కోర్టుకు కూడా వెళ్ళారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు, వయసు తగ్గించడం ప్రభుత్వపు విధాన నిర్ణయమని, దానిలో రాజ్యాంగ విరుద్ధం లేదని తేల్చింది. అక్కడితో కథ ముగిసిందని అనుకుంటే పొరపాటు. ఈలోగా రాజకీయం తిరిగింది. 1984 ఆగస్టు 16న రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు తొలగించగా, కొత్తగా వచ్చిన నాదెండ్ల భాస్కరరావు ప్రభుత్వం ఆగస్టు 23న వయసును తిరిగి 58 చేసింది. సెప్టెంబరులో రామారావు మళ్ళీ వచ్చాక కూడా 58నే ఉంచారు. కాని నడిమధ్యలో ఇంటికి పోయినవాళ్ళను మాత్రం చట్టం పక్కకు నెట్టింది. తప్పు దిద్దుకున్నాం, కాని నష్టపోయినవాళ్ళు మా లెక్కలో లేరు అన్నట్టు అయింది.

అప్పుడు ఆ పెద్దలు మళ్ళీ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1985 ఆగస్టులో తీర్పు వచ్చింది. తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఓ.చిన్నప్ప రెడ్డి. 1983 ఫిబ్రవరి 28కీ 1984 ఆగస్టు 23కీ నడుమ ఇంటికి పంపబడినవాళ్ళను ఆ మేలు నుంచి తప్పించడం చెల్లదని, 58 నిండనివారిని తిరిగి పనిలోకి తీసుకోవాలని, నిండినవారికి నష్టపరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పింది. జనవరిలో ఓడినవాళ్ళు ఆగస్టులో గెలిచారు. ఒక తలుపు మూసుకుపోతే ఇంటికి వెళ్ళి పడుకోకుండా రెండో తలుపు తట్టారు గనుక గెలిచారు. ఇది మొదటి పాఠం.

1986 చివరలో ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు వేతన సవరణ విషయమై 53 రోజులు సమ్మె చేశారు. తాలూకా ఆఫీసులు, ఖజానాలు మూతబడ్డాయి. ఆ సమ్మె ఉద్యోగుల ఐక్యతకు ఒక గుర్తుగా నిలిచిపోయింది. అయితే ఆ 53 రోజులూ ఒక సర్టిఫికెట్టు కోసమో, ఒక పింఛను కోసమో ఊరి నుంచి వచ్చి తిరిగి వెళ్ళిన రైతు ఏమనుకున్నాడు? ‘వాళ్ళ జీతాల గొడవ, మనకెందుకు’ అనుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. ఈ మాట చేదుగా ఉన్నా చెప్పక తప్పదు.

ఇటు కర్ణాటకలో అంతకు ముందే, 1980 డిసెంబరు నుంచి 1981 మార్చి దాకా, బెంగుళూరు ప్రభుత్వ రంగ కార్మికుల పెద్ద సమ్మె జరిగింది. హెచ్.ఏ.ఎల్., బి.ఇ.ఎల్., ఐ.టి.ఐ., హెచ్.ఎం.టి., బి.ఇ.ఎం.ఎల్. కర్మాగారాల లక్ష మందికి పైగా కార్మికులు 77 రోజులు పని మాని ఉన్నారు. బి.హెచ్.ఇ.ఎల్. కార్మికులతో సమానంగా వేతనం కావాలన్నది కోరిక. ఆ కార్మికుల్లో మన సరిహద్దు తాలూకాల నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. 77 రోజుల తర్వాత, ఆశించిన సమాన వేతనం చేతికి రాకుండానే పనిలోకి తిరిగి వెళ్ళవలసి వచ్చింది. కార్మికుల ధైర్యంలో లోపం లేదు. కాని ఆ పోరాటం నగరపు సామాన్యుడికి తన పోరాటంగా తోచలేదు. జీతం కోసం మాత్రమే చేసే పోరాటానికి జనం దూరంగా నిలబడి చూస్తారు. ఇది రెండో పాఠం.

ఆ హెచ్.ఎం.టి. గడియారాల కర్మాగారం ఒకటి మన తుమకూరులోనే ఉండేది. పెళ్ళిలో అల్లుడికి హెచ్.ఎం.టి. వాచీ పెట్టని ఇల్లు ఆ రోజుల్లో అరుదు. 2016లో హెచ్.ఎం.టి. గడియారాల కంపెనీని మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. తుమకూరు కర్మాగారం కూడా ఆగిపోయింది. ఒక సంస్థను ఒక్క దెబ్బతో మూయరు. మొదట కొత్త యంత్రాలకు డబ్బు ఇవ్వరు. తర్వాత కొత్త మనుషులను తీసుకోరు. ఆ తర్వాత ‘చూశారా, నష్టాల్లో ఉంది’ అంటారు. చివరగా తాళం. గట్టు తెగిన రోజున చెరువును చూసి ఏడ్చి లాభం లేదు. గట్టుకు మొదటి బొరియ పడిన రోజున చూడాలి.

తొంభైల్లో కోతలకు కొత్త పేరు వచ్చింది. సంస్కరణలు అన్నారు. 1996లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం ధరను మూడున్నర రూపాయలు చేశారు. 1998లో ప్రపంచ బ్యాంకు ఆ రాష్ట్రానికి సుమారు 54 కోట్ల డాలర్ల సాయం మంజూరు చేసింది. అదే ఏడు విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డును రెండు ముక్కలుగా విడదీసి జెన్‌కో, ట్రాన్స్‌కో అన్నారు. కర్ణాటకలో కూడా అదే ఏడాది విద్యుత్ బోర్డు పోయి కె.పి.టి.సి.ఎల్. వచ్చింది. 2002లో బెస్కాం పుట్టింది. అదే సంవత్సరంలో దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా ముందుగా కర్ణాటక ఆర్థిక బాధ్యత చట్టం చేసి, లోటుకు హద్దులు గీసుకున్నది.

ఆంధ్రలో విద్యుత్ ఉద్యోగుల సంఘాలు బోర్డు విభజనను ఎదిరించాయి. విభజనను ఆపలేకపోయినా, తమ సర్వీసుకు, పింఛనుకు రక్షణ ఉండేటట్టు ప్రభుత్వంతో త్రైపాక్షిక ఒప్పందం రాయించుకోగలిగారు. నోటి మాటను నమ్మక కాగితం మీద సంతకం పెట్టించుకోవడం వాళ్ళు చేసిన తెలివైన పని.

తర్వాత 2000 సంవత్సరంలో కరెంటు ఛార్జీలు పెరిగాయి. అప్పుడు వీధిలోకి వచ్చింది ఉద్యోగులు కారు. రైతులు, గృహిణులు, విద్యార్థులు. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో అసెంబ్లీ వైపు సాగిన ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు పోయాయి. ఆ నెత్తురు మరక నాలుగేళ్ళ తర్వాత ఎన్నికల దాకా ఆరలేదు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్.రాజశేఖర రెడ్డి అదే వేదిక మీద వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు దస్త్రం మీద సంతకం చేశారు. ఖజానా లెక్కల్లో కుదరదన్నది జనం కదిలినప్పుడు కుదిరింది. ఇది మూడో పాఠం.

ఇక నాలుగో పాఠం మన పొరుగున ఉన్న తమిళనాడు నేర్పింది. అది సమ్మె చేసేవాళ్ళందరూ మనసులో పెట్టుకోవలసినది. 2003 జూలైలో పింఛను తదితర సదుపాయాల్లో కోతలను వ్యతిరేకిస్తూ అక్కడి ఉద్యోగులు, ఉపాధ్యాయులు సమ్మెకు దిగారు. జయలలిత ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం కింద సుమారు లక్షా 70 వేల మందిని ఒక్క కలం పోటుతో తీసివేసింది. ఆగస్టు 6న సుప్రీంకోర్టు, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే హక్కు లేదని తీర్పు చెప్పింది. క్షమాపణ రాసి ఇచ్చి చాలామంది పనిలోకి తిరిగి వెళ్ళారు. కాని మరుసటి ఏడు, 2004 లోక్‌సభ ఎన్నికల్లో ఆ పార్టీకి రాష్ట్రంలో ఒక్క స్థానం కూడా రాలేదు. ఎన్నికల వెంటనే ఉద్యోగుల మీది చర్యలను ఆమే వెనక్కి తీసుకున్నారు. కోర్టులో దొరకనిది ఓటు పెట్టెలో దొరికింది. అయినా ఆ పది నెలలు ఆ ఇళ్ళల్లో పడ్డ బాధ చిన్నది కాదు. కనుక సమ్మె అన్నది చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం అనుకోవద్దు. చట్టం తెలుసుకుని అడుగు వేయాలి.

ఇప్పుడు మన పల్లెలో అందరికన్నా తక్కువ డబ్బుకు పనిచేసే అంగన్‌వాడీ అక్కల దగ్గరకు వద్దాం. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో వాళ్ళు ఉద్యోగులు కారు, గౌరవ వేతనం తీసుకునే కార్యకర్తలు. 2015-16 కేంద్ర బడ్జెట్టులో ఈ పథకానికి అంతకు ముందరి సుమారు 18 వేల కోట్ల కేటాయింపును సుమారు 8 వేల 3 వందల కోట్లకు దించారు. పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 నుంచి 42 శాతానికి పెరిగింది గనుక మిగతాది రాష్ట్రాలే చూసుకోవాలన్నారు. ఆ శాఖ మంత్రిగా ఉన్న మేనకా గాంధీ కూడా ఆ కోత పట్ల బహిరంగంగానే అసంతృప్తి చెప్పారు. తర్వాత అదనపు కేటాయింపులతో కొంత సర్దారు. కేంద్రం రాష్ట్రాన్ని చూపితే, రాష్ట్రం కేంద్రాన్ని చూపితే, నడుమ బిడ్డ గిన్నెలో గుడ్డు ఉంటుందా ఉండదా అన్నది తల్లి ప్రశ్న.

2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అయినా వాళ్ళు చెదరలేదు. 42 రోజుల తర్వాత, 2024 జనవరి 22న, కొన్ని కోరికల మీద హామీ పొంది విరమించారు. అన్ని రోజులూ చీరకొంగు నడుముకు చుట్టుకుని ఆ ఆడవాళ్ళు నిలబడ్డారు. వాళ్ళకు బలం ఎక్కడిది? ఆ ఊరి పిల్లలకు అన్నం పెట్టింది వాళ్ళ చేతులే కదా!

శ్రోతలారా, రెండో పక్షం మాట కూడా వినాలి. లేకపోతే ఇది న్యాయమైన ప్రసంగం కాదు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు పోగా రాష్ట్రాల దగ్గర మిగిలేది తక్కువన్న మాట అబద్ధం కాదు. అప్పులు పెరుగుతున్న మాట అబద్ధం కాదు. పదకొండు గంటలకు బడికి వచ్చి మూడు గంటలకు బస్సెక్కే అయ్యవార్లు లేరని ఎవరైనా అంటే మీరే నవ్వుతారు. పనికి డబ్బు అడిగే గుమాస్తా మీద ఊరివాళ్ళకు కోపం ఉంటే అది తప్పూ కాదు. ఆ కోపం మీదనే కోతలు స్వారీ చేస్తాయి. ‘పని చేయనివాళ్ళకు జీతం ఎందుకు’ అన్న మాటకు ఊరంతా తల ఊపుతుంది. ఆ ఊపులో పని చేయనివాడు మిగిలిపోతాడు, పోస్టు మాత్రం పోతుంది.

పొదుపు వేరు, కోత వేరు. మన మెట్ట పొలాల రైతును అడగండి. కరువు ఏడు వస్తే రైతు పెళ్ళి వాయిదా వేస్తాడు, కొత్త బట్టలు మానుకుంటాడు, రెండు పూటల కాఫీ ఒక పూట చేస్తాడు. కాని అటక మీద దాచిన చెనక్కాయ విత్తనాలు తినడు. వచ్చే ఏడు వాన పడితే వేయడానికి అవి ఉండాలి. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, తాగునీరు అనేవి రాష్ట్రం దాచుకోవలసిన విత్తనాలు. ఈ పావగడ నేలలో బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉందని ఎవరికి తెలియదు? పళ్ళు గారబట్టి, ఎముకలు వంగిన మనుషులను చూస్తూ పెరిగిన తాలూకా ఇది. నీటి శుద్ధి యంత్రాన్ని చూసుకునే మనిషి పోస్టును మిగులుబాటు అని కొట్టేస్తే, ఆ మిగులు ఎవరి ఎముకల్లో తేలుతుందో చెప్పనక్కరలేదు.

మరి ఉద్యోగులు ఏం చేయాలి? చరిత్ర చెప్పిన దాన్ని బట్టి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటిది, బడ్జెట్టును చదవండి. మార్చి నెలలో మీ కరువు భత్యం గురించి ఒక్క పేజీ చూసి మూసేయకండి. మీ శాఖకు పోయిన ఏడు ఎంత రాశారు, ఎంత విడుదల చేశారు, ఈ ఏడు ఎంత రాశారు అన్నది చూడండి. 2005 అక్టోబరు నుంచి సమాచార హక్కు చట్టం అమల్లో ఉంది. మీ తాలూకాలో మంజూరైన పోస్టులు ఎన్ని, నిండినవి ఎన్ని అని ఎవరైనా అడగవచ్చు. ఆ పట్టికను పంచాయతీ గోడ మీద అంటించండి.

రెండోది, మీ కోరికల పత్రంలో మొదటి వరుస ఊరిది కావాలి. ఖాళీలు నింపండి, బడికి అయ్యవారిని ఇవ్వండి, ఆరోగ్య కేంద్రానికి మందులు ఇవ్వండి అన్నది ముందు. జీతం తర్వాత. జీతం అడగడం నేరం కాదు. కాని అది మాత్రమే అడిగితే మీతో పాటు నడిచేవాళ్ళు ఉండరు. బెంగుళూరు 77 రోజులు ఇదే చెప్పింది.

మూడోది, పక్క కుర్చీలో ఉన్న ఒప్పంద ఉద్యోగిని మీవాడిగా చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు నుంచి, కర్ణాటకలో 2006 ఏప్రిల్ నుంచి కొత్తగా చేరినవాళ్ళకు పాత పింఛను పోయి, వాటా చెల్లించే పింఛను వచ్చింది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ‘మాకు పాతదే కదా’ అని మౌనంగా ఉండిపోయారు. ఈనాడు ఆ కొత్తవాళ్ళే ఎక్కువమంది. 2022 ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’ అని ఆంధ్ర ఉద్యోగులు వేలాదిగా కదిలి వచ్చినా, 2023 మార్చి 1న కర్ణాటక ఉద్యోగులు విధులు మానుకుని నూటికి 17 మధ్యంతర భృతి సాధించినా, చిన్నా పెద్దా కలిసి నిలబడ్డందునే అది సాధ్యమైంది. తర్వాతివాడి అన్నంలో పడ్డ కోత రేపు మన కంచంలోకి వస్తుంది.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మీ పని మీరు బాగా చేయండి. సరిగ్గా తొమ్మిదిన్నరకు బడి తలుపు తీసే అయ్యవారి పోస్టు పోతే ఊరు ఊరుకోదు. రాత్రి వానలో స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ను బదిలీ చేస్తే ఆడవాళ్ళు ఆఫీసు ముందు కూర్చుంటారు. ఏ సంఘపు సభ్యత్వ చీటీ ఇవ్వలేని రక్షణ అది. ఉద్యోగి ఊరికి దగ్గరైతే కోత ఊరికి దూరమవుతుంది.

ఊరివాళ్ళకు కూడా ఒక మాట. మీ ఊళ్లో ఉద్యోగులు ఏదైనా కోతకు ఎదురుగా ధర్నా చేస్తుంటే ‘వాళ్ళ గొడవ’ అని దాటిపోకండి. ఆగి అడగండి. ‘మా బడి గురించి మీ కాగితంలో ఉందా?’ అని అడగండి. ఉంటే వాళ్ళ పక్కన కూర్చోండి. లేకపోతే రాయించండి. గ్రామసభలో ఖాళీ పోస్టుల మీద తీర్మానం చేయండి. సరిహద్దు తాలూకాలకు ఒక అదనపు కష్టం ఉన్నది. ఇక్కడికి వేసిన ఉద్యోగి ఎప్పుడు బదిలీ దొరుకుతుందా అని చూస్తాడు. తెలుగు ఇంటి బిడ్డకు కన్నడ బడిలో ఓపికగా చెప్పే అయ్యవారు దొరకడమే అరుదు. రాజధానికి దూరమైనవాళ్ళ గొంతు గట్టిగా ఉండాలి, లేకపోతే కోత మొదట ఇక్కడే పడుతుంది.

1983 ఫిబ్రవరి 28 సాయంత్రం బయటికి నడిచిన ఆ వేల మందిని మరొక్కసారి తలచుకుందాం. వాళ్ళలో చాలామంది ఈనాడు లేరు. ఆ ఏడు వాళ్ళను ఇంటికి పంపి యువకులకు ఉద్యోగాలు ఇస్తామన్నారు. అదే ఆంధ్రప్రదేశ్‌లో 2014లో పదవీ విరమణ వయసు 60 అయింది, 2022లో 62 అయింది. ఒక్కసారిగా కట్టవలసిన విరమణ సొమ్మును వాయిదా వేయడానికే ఇది అని అప్పుడు ఎందరో విమర్శించారు. ఒకసారి దించడానికి యువకుల పేరు, ఇంకోసారి పెంచడానికి అనుభవం పేరు. రెండుసార్లూ ఖజానా లెక్కే ముందు నడిచింది. యువకుడు అప్పుడూ ఎదురు చూశాడు, ఇప్పుడూ చూస్తున్నాడు. మనుషులను లెక్కగా చూసేవాళ్ళకు, ఆ లెక్క వెనుక ఉన్న మనుషులను చూపించడం మన పని.

తిరుమణి చేలలో పొద్దున్నే సౌర పలకలు సూర్యుడి వైపు ముఖం పెట్టి నిలబడతాయి. ఆ వెలుగు తీగల వెంట ఎంతో దూరం పోతుంది. ఆ వెలుగుకు బదులుగా ఈ ఊరు అడిగేది పెద్దదేమీ కాదు. బడిలో అయ్యవారు, ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ, కొళాయిలో మంచినీళ్ళు, వేళకు ఒక బస్సు. అది భిక్ష కాదు, మన పన్నుల సొమ్ముకు, మన నేలకు రావలసిన బాకీ. ఆ బాకీ వసూలులో ఉద్యోగి, ఊరివాడు ఒకే పక్కన నిలబడాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.